బ్రౌనుదొరగారి తెలుగు కృషి

చార్లెస్ ఫిలిప్ బ్రౌనుగారు 1798వ సంవత్సరమున కలకత్తాలో జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌనుగారు క్రైస్తవ గురువు. బ్రౌనుగారు 1817లో చెన్నపట్టణము చేరి, కుంపిణీ కొలువునకై తెలుగు నేర్చి, 1820లో ఉద్యోగులై కడపకు వచ్చిరి.

ఆ కాలమున తెలుగు గ్రంథములు పెక్కులు తాటాకులపై చెదలపాలగుచుండెను. 1824లో వేమన పద్యములు వారి దృష్టికి వచ్చెను. ప్రతికొక పాఠ ముండుటచే, దొరకిన ప్రతులన్నియు తెప్పించి, పండితులచే సరిచూపించి, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చొత్తించిరి. కచేరీ పని ముగిసిన పిమ్మటనే ఈ కృషి. పండితులకును వ్రాయసగాండ్రకును తమ జీతమునుండియే యిచ్చిరి. అది చాలక అప్పులును చేసిరి.

1833లో డొక్కల కరవు గుంటూరు మండలమును పీడించినప్పుడు వారచ్చటనే యుండి అన్నార్తులకై పాటుపడిరి. మన బెల్లంకొండయు నాడు ఆ మండలములోనిదే.

పండితులు మెచ్చని వాడుకమాటలనుగూడ విడువక వారు కూర్చిన నిఘంటువు 1852లో చెన్నపట్టణమున క్రైస్తవ జ్ఞానాభివృద్ధి సంఘమువారి ముద్రాశాలలో అచ్చయ్యెను. అప్పటికి వేమన పద్యములు చేపట్టి యిరువదియెనిమిదేండ్లు. తుదకు లండనులో తెలుగు ఆచార్యులై 1884లో మరణించిరి. ఆ నిఘంటువు నేటికిని పునర్ముద్రణ మగుచున్నది.

విద్యార్థులారా, శ్రమించి తెలిసికొన్నది పెట్టెలో దాచినచో మనతోనే పోవును. అచ్చునకెక్కినచో ఎరుగని వారికిని దక్కును. బ్రౌనుగారి జీవితమునుండి మీరు గ్రహింపవలసినది ఇదియే యని మేము తలంతుము.