సాగరగర్భ శోధకుడు కూస్తో

ధరూరు సమీపమున కృష్ణానదిలో మునుగు ఈతగాడు ఊపిరి బిగబట్టినంతసేపే నీటి అడుగున నిలువగలడు. అనాదిగా జలగర్భమున మానవునకు గల ఎల్ల ఇదియే. ఆ ఎల్లను దాటించిన ధీరులలో జాక్ ఈవ్ కూస్తో ముఖ్యుడు.

కూస్తో 1910వ సంవత్సరము జూన్ 11వ తేదీన ఫ్రాన్సు దేశమున జన్మించెను. నౌకాదళమున చేరి, విమానచోదకుడు కావలెనని శిక్షణ పొందుచుండెను. ఆ కాలమున జరిగిన కారు ప్రమాదమున అతని చేతులు విరిగెను. ఆ ఆశ అంతరించెను. అయినను అతడు క్రుంగిపోలేదు. చేతులకు బలము చేకూరుటకై తూలాను తీరమున నిత్యము ఈదసాగెను. ఒకనాడు నీటి కళ్లద్దములు ధరించి మునిగి చూడగా, అడుగున వేరొక లోకము గోచరించెను. దానిని తనివిదీర చూడవలెనన్న తలంపు అతనిని విడువలేదు.

1943లో ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరుతో కలిసి అతడొక పరికరమును నిర్మించెను. వీపున గాలి నింపిన ఉక్కు సీసాలు, నోటివద్ద గొట్టము, నడుమ ఒక కవాటము దాని భాగములు. పది మీటర్ల లోతు పెరిగిన కొలది నీటి ఒత్తిడి ఒక వాతావరణ పీడనమంత హెచ్చును. ఈతగాడు పీల్చినప్పుడు మాత్రమే, చుట్టునున్న నీటి ఒత్తిడికి సమానమైన ఒత్తిడితో ఆ కవాటము గాలి నిచ్చును.

సముద్రము తేలికగా లొంగలేదు. 1947లో అతని సహచరుడు మోరిస్ ఫార్గ్ సుమారు 120 మీటర్ల లోతునకు దిగి ప్రాణములు కోల్పోయెను. అంత లోతున గాలిలోని నత్రజనియే మత్తుమందు వలె పనిచేసి స్పృహ తప్పించును.

1951లో కూస్తో ‘కాలిప్సో’ అను ఓడపై ఎర్రసముద్రమునకు వెడలెను. అచట పగడపు దిబ్బల అంచులు కోటగోడలవలె నిట్టనిలువుగా చీకటిలోనికి దిగియుండును. అల్పజీవులు తరతరములుగా కట్టిన సున్నపు గోడలవి. వాని వెంబడి దిగినకొలది ఎరుపు వన్నె మాసి నీలిమయే మిగులును. దీపము చూపగానే మరల ఎరుపు మెరయును.

సాగరగర్భపు వింతలను చూపిన అతని చలనచిత్రమునకు 1956లో కాన్ ఉత్సవమున అగ్రబహుమతి లభించెను. కాని ఆ చిత్రములోనే ఒక మచ్చ కలదు. చేపలను లెక్కించుటకై అతని బృందమువారు పగడపు దిబ్బ వద్ద డైనమైటు ప్రేల్చి వానిని చంపిరి. తమ ఓడ తగిలి గాయపడిన తిమింగలపు పిల్ల చావగా, దానిని తినవచ్చిన సొరచేపలను కసితో హతమార్చిరి.

కాలక్రమమున సముద్రము మానవుని చేతనే చెడుచున్నదని కూస్తో గ్రహించెను. 1960లో అణుశక్తి వ్యర్థములను మధ్యధరాసముద్రమున పడవేయు యత్నమును ఎదిరించెను. 1973లో సముద్రరక్షణకై ఒక సంఘమును స్థాపించెను. 1997వ సంవత్సరము జూన్ 25వ తేదీన ప్యారిస్ నగరమున కన్నుమూసెను.

బాలబాలికలారా! మూసియున్న తలుపును తెరచుట ఘనకార్యమే. తెరచిన పిమ్మట లోపలి సంపదను చెడనీయక కాపాడుట అంతకంటె ఘనమైన కార్యము. కూస్తో మొదటిదానిని యౌవనమున సాధించెను. రెండవదానిని తన తప్పుల నుండి నేర్చుకొనెను.