వీరేశలింగము పంతులుగారి జీవితములో రాజ్యలక్ష్మమ్మగారి పాలు

మారిషస్ ద్వీపమున తెలుగువారిని చిరకాలము కోరంగివారని పిలిచెడివారు. గోదావరి సముద్రమున కలియు చోట నున్న కోరంగి రేవునుండి మన పూర్వులలో పలువురు ఓడలెక్కిరి గనుక ఆ పేరు నిలిచినది. ఆ కోరంగిలోనే 1870 దశకపు తొలినాళ్లలో ఇరువది యేండ్లు దాటిన ఒక యువకుడు పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడుగా నుండెను. ఆయనయే కందుకూరి వీరేశలింగము పంతులుగారు.

ఫిజీనుండియు, మారిషస్‌నుండియు, దక్షిణాఫ్రికానుండియు బయలుదేరి, నేడు మెల్‌బోర్న్ నగరమునకు ఆగ్నేయముననున్న క్లైడ్ నార్త్‌లో ఇండ్లు కట్టుకొన్న కుటుంబములలోని పిల్లలకు ఈ పేరు తెలుగు తరగతిలో వినబడుచుండును. వితంతు వివాహములు చేయించెను, బాలికలకు బడి పెట్టెను, తెలుగులో నవల వ్రాసెను అని మూడు మాటలు నేర్పి ఊరకుందురు. ఆ వివాహములు జరిగిన యింటిలో నీళ్లు మోసిన వారెవరో, వంట చేసిన వారెవరో పాఠములో నుండదు. పంతులుగారి చరిత్రలో సగము అక్కడనే యున్నది.

వీరేశలింగముగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బరాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తల్లియు, పెదతండ్రి వేంకటరత్నముగారును పెంచిరి. వితంతువైన తల్లి చేతి అన్నము తిని పెరిగిన బిడ్డడు పెద్దవాడై వితంతువుల పక్షము వహించుటలో ఆశ్చర్యము లేదు. అయితే అట్టి తల్లులకు పుట్టిన బిడ్డలు ఆనాడు ఊరూరను నుండిరి. వారందఱును అట్లు చేయలేదు.

1861లో పదుమూడేండ్ల వయస్సున ఆయనకు వివాహమయ్యెను. పెండ్లికూతురు ఎనిమిదేండ్ల పిల్ల. పుట్టినింట ఆమె పేరు బాపమ్మ, మెట్టినింట రాజ్యలక్ష్మి. ఆ పిల్ల పేరు కూడ అత్తవారింటి గడప దాటునప్పటికి మారిపోయినది. బాల్యవివాహమును జీవితాంతము ఖండించిన మనుష్యుడు తానును బాల్యమున వివాహము చేసికొన్నవాడే యనుట మఱవరాదు. ఆ పెండ్లిలో వారిరువురి యిష్టమును ఎవ్వరును అడుగలేదు.

ఆ కాలపు ఆచారమును నేటి పిల్లలకు కొంచెము వివరింపవలెను. అగ్రవర్ణములలో, ముఖ్యముగా బ్రాహ్మణులలో, రజస్వల కాకమునుపే ఆడపిల్లకు పెండ్లి చేయవలెనను నియమముండెను. కొందఱు తండ్రులు కన్యాశుల్కము పుచ్చుకొని అయిదాఱేండ్ల పిల్లను ఏబదియేండ్ల వానికి కట్టబెట్టుచుండిరి. వరుడు చచ్చిన, కాపురమన నేమో యెఱుగని పిల్ల వితంతువగును. ఆమెకు శిరోముండనము, ఒంటిపూట భోజనము, మూలగదిలో బ్రతుకు, ఇంటెడు చాకిరి. శుభకార్యములలో ఆమె ఎదురుపడిన అపశకునమనిరి. భార్య పోయిన మగవాడు మాత్రము ఏడాది తిరుగకమునుపే మఱియొక పిల్లను తెచ్చుకొనవచ్చును. ఒకే మరణము ఇంటిలో ఇరువురికి రెండు విధములైన శాస్త్రమైనది. పంతులుగారికి పట్టిన పట్టుదలకు మూలము ఈ తారతమ్యమే.

1856లోనే ప్రభుత్వము వితంతు పునర్వివాహమును చట్టబద్ధము చేసెను. ఆ చట్టములోనే మఱియొక మాట యున్నది: మరల పెండ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తిపై గల హక్కు పోవును. అనగా తాళి కావలెనన్న భూమిని వదులుకొనవలెను. తెలుగునాట ఇరువదియైదేండ్లు ఆ చట్టము కాగితముపైననే యుండెను. పెండ్లి చేయించుటకు పురోహితుడు రాడు, వడ్డించుటకు వంటవాడు రాడు, తినుటకు బంధువులు రారు.

కోరంగి తరువాత పంతులుగారు ధవళేశ్వరమున పనిచేసి, 1874లో అక్కడ బాలికా పాఠశాల స్థాపించిరి. ఆ యేడే వివేకవర్ధని పత్రికను ఆరంభించిరి. లంచములు పుచ్చుకొను ఉద్యోగులను, వేశ్యాగృహములకు దాసులైన ధనికులను, పసిపిల్లలను పెండ్లాడు వృద్ధులను ఆ పత్రిక విడిచిపెట్టలేదు. కొక్కొండ వేంకటరత్నముగారివంటి పండితులతో ఆయనకు వాదములు జరిగినవి. ఆయన ప్రహసనములు చదువువారికి నేటికిని నవ్వు వచ్చును. ఆనాడు వానిలో తమ ముఖమును చూచుకొన్నవారికి మాత్రము నవ్వు రాలేదు. తరువాత రాజమహేంద్రవరపు కళాశాలలో తెలుగు పండితులుగా చేరిరి. అక్కడి ప్రధానాచార్యుడు మెట్కాఫ్ దొర ఆయనకు అండగా నిలిచెను. బసవరాజు గవర్రాజుగారు మొదలగు మిత్రులు తోడ్పడిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి.

1881 డిసెంబరు 11న తొలి పునర్వివాహము రాజమహేంద్రవరమున పంతులుగారి యింట జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములు, వధువు గౌరమ్మ. కళాశాల విద్యార్థులు కావలి కాచిరి. పోలీసులను కూడ నిలుపవలసి వచ్చెను. నాలుగు దినములలోనే రెండవ వివాహమయ్యెను.

తరువాత వెలి వచ్చినది. పెండ్లికి వచ్చి భోజనము చేసినవారిలో పలువురు ప్రాయశ్చిత్తము చేసికొని కులములో కలిసిరి. వంటవారు పని మానిరి. నీళ్లు మోయువారు రామనిరి. బయట సభలలో తర్కము చేయుటకు పంతులుగారికి వాక్కు ఉండెను. ఇంటిలో ఇత్తడి బిందె నింపుటకు వాక్కు చాలదు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి పోయి నీళ్లు తెచ్చిరి. తానే పొయ్యి రాజేసి, పెండ్లివారికందఱకును వండి వడ్డించిరి. దారిలో ఆమె ముఖముపై పలుకువారు పలికిరి, తప్పుకొనువారు తప్పుకొనిరి. ఇరుగుపొరుగు పేరంటములకు ఆమెకు పిలుపు లేకపోయెను. పురుషునకు వెలి యనగా పంక్తి పోవుట. అతనికి పత్రిక, కళాశాల, మిత్రులు మిగిలియుందురు. ఆనాటి స్త్రీకి పేరంటమును, నీళ్లరేవును, బంధువుల యిండ్లును తప్ప లోకమే లేదు. కావున ఆ దండనలో ఎక్కువ పాలు ఆమెకే పడినదని చెప్పవలెను.

పెండ్లి కొఱకు రహస్యముగా తెచ్చిన బాలవితంతువులు ఆమె యింటనే ఉండిరి. వారికి తల దువ్వి, జబ్బుచేసిన పథ్యము పెట్టి, పెండ్లియైన పిదప పురుడు పోసినవారును ఆమెయే. ఆ దంపతులకు సంతానము లేదు. పంతులుగారు చేయించిన వివాహములు సుమారు నలువది యందురు. ఆ నలువది కాపురములలో అన్నియు సుఖముగా సాగినవని అనుకొనరాదు. ధనసహాయము కొఱకు వచ్చిన వరులును ఉండిరి. అట్టివారివలన పంతులుగారు చాల నొచ్చుకొనిరి. పునర్వివాహమైనంతమాత్రమున స్త్రీకి గౌరవము తనంతట తాను రాదని ఆయనకును ఈ అనుభవమువలననే తెలిసినది.

ఆయన లోపములను దాచుట ఆయనకు మర్యాద కాదు. 1883లో స్త్రీల కొఱకు సతీహితబోధిని యను పత్రికను పెట్టిరి. స్త్రీలకు ఆయన వ్రాసిన పుస్తకములలో ఆరోగ్యము, పొదుపు, శుచి, చదువు ఉన్నవి. వానితోపాటు భర్తకు అణగియుండుట, ఎదురు చెప్పకుండుట కూడ ఉన్నవి. చదువుకొన్న స్త్రీ మంచి భార్య యగునని చెప్పి ఆనాటి తండ్రులను ఒప్పింపవలసి వచ్చెనని కొందఱందురు. అది కొంత నిజము. ఆయన స్వయముగా కూడ అట్లే నమ్మెననుట ఇంకను నిజము. వేశ్యల నాట్యమేళములను ఖండించినప్పుడు, ఆ వృత్తిలో పుట్టిన స్త్రీ ఎట్లు బ్రతుకవలెనను ప్రశ్న ఆయనకు అంతగా తోచలేదు. ఇంటిలోను తుది మాట ఆయనదే. తాను తలపెట్టిన ప్రతి కార్యమునకు భార్య వెంట నడుచునని ఆయన ఎంచిరి. ఆమె నడిచినది. నడువనని చెప్పుటకు ఆమెకు చోటుండెనా యన్నది వేఱు ప్రశ్న.

ఈ ప్రశ్న మన తాతమ్మల కాలమున సముద్రము దాటి వచ్చినది. 1860లో ట్రూరో యను ఓడ మద్రాసునుండి నేటాలు చేరెను. 1903నుండి మద్రాసు ఓడలు ఫిజీకి పోయెను. నూఱుగురు పురుషులకు నలువదిమంది స్త్రీలు ఉండవలెనని ప్రభుత్వపు నియమము. ఓడలెక్కిన స్త్రీలలో భర్తలతో వచ్చినవారేకాక వితంతువులు, భర్త విడిచినవారు, ఇల్లు విడిచినవారు కూడ ఉండిరి. రాజమహేంద్రవరమున పంతులుగారి తలుపు తట్టగలిగినవారు కొందఱు. తక్కినవారికి దొరకిన తలుపు డిపోది. ఫిజీ తోటలలో దినపు పనికి పురుషునకు ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు కూలి నిర్ణయించిరి. పది అడుగుల పొడవు, ఏడు అడుగుల వెడల్పు గల లైను గదిలో కాపురము. నమోదు చేయని వివాహము చట్టమున వివాహమే కాదు. అనుమానముతో భర్తలు, ప్రియులు స్త్రీలను చంపిన నేరములు జరిగినప్పుడు అధికారులు తప్పును స్త్రీల నడవడిపైకి నెట్టిరి. ఆ లెక్కను, ఆ గదిని, ఆ కూలిని నిర్ణయించినవారు తామేనని ఒప్పుకొనలేదు. ఊరిలో మూలగదిలో నుంచిన స్త్రీని, తోటలో నలుగురి కన్నులకు ఎరగా నుంచిరి. రెండు చోట్లను ఆమె యిష్టమును అడిగినవారు లేరు.

పంతులుగారి తరువాతి జీవితము సంస్థలు కట్టుటలో గడచినది. 1887లో రాజమహేంద్రవరమున బ్రహ్మమందిరము, 1890లో పురమందిరము వెలసినవి. 1893లో రావుబహద్దరు బిరుదు వచ్చెను. మద్రాసునను, పిదప రాజమహేంద్రవరమునను వితంతువులకు శరణాలయములు నడిపిరి. తన యావదాస్తిని హితకారిణీ సమాజమునకు వ్రాసియిచ్చిరి. ఆ యాస్తిలో అక్షరము అక్షరము ఆయన సంపాదన కావచ్చును. కాని జీతము లేకుండ ఆ శరణాలయములను నిజముగా నడిపిన చేయి మఱియొకటి.

1910లో రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. నలువది తొమ్మిదేండ్ల సాహచర్యము తెగినది. అప్పటికి పంతులుగారికి అఱువదిరెండేండ్లు. ఇంతమందికి రెండవ పెండ్లి చేయించిన ఆయన తాను మరల పెండ్లి చేసికొనలేదు. 1919 మే 27న మద్రాసులో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి గృహమున ఆయన కన్నుమూసిరి. ఏడు నెలలు దాటిన పిదప, 1920 జనవరి 1న, ఫిజీలో మిగిలిన కూలి ఒప్పందములు రద్దయ్యెను.

పంతులుగారు స్వీయచరిత్రము వ్రాసిరి. రాజ్యలక్ష్మమ్మగారినిగూర్చి మనకు తెలిసిన దానిలో చాల భాగము అందులోనిదే, అనగా భర్త చూచినంత మేర. ఆ నీళ్ల బిందె ఆమె నడుమునకు ఎంత బరువైనదో ఆయన వ్రాయలేరు. మన తాతమ్మలు అంతకన్న తక్కువ విడిచిపోయిరి. ఫిజీలోను, నేటాలులోను ఓడల పత్రములు భద్రముగా నున్నవి. వానిలో ఒక్కొక్క స్త్రీకి ఒక పేరు, తండ్రి పేరు, ఊరు, వయస్సు, ఒంటిమీది మచ్చలు గుమాస్తా చేతివ్రాతలో కనబడును. క్లైడ్ నార్త్‌లోని కుటుంబములు కొన్ని ఆ కాగితముల నకళ్లు తెప్పించి గోడకు వ్రేలాడదీసికొన్నవి. సాధారణముగా వ్రేలాడునది తాతగారి పత్రము. తాతమ్మ పత్రమును అదే పెట్టెలో, వేఱొక సంఖ్యతో, అడిగినవారికి చూపుదురు.