అన్ని ప్రయోగాలనూ లెక్కించమన్న డాక్టర్ – ఆర్చీ కోక్రేన్

ఆర్చీ కోక్రేన్ 1909 జనవరి 12న స్కాట్లండ్‌లోని గాలషీల్స్‌లో జన్మించారు. ఎనిమిదేళ్ల వయసులోనే తండ్రి యుద్ధంలో చనిపోయారు. కేంబ్రిడ్జ్‌లో చదివి, తరువాత లండన్‌లో వైద్యవిద్యలో చేరారు. 1936లో చదువు మధ్యలో ఆపి, స్పెయిన్ అంతర్యుద్ధంలో క్షతగాత్రుల సేవకు వెళ్లారు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, క్రీట్ దీవిలో జర్మన్లకు చిక్కారు. సలోనికా శిబిరంలో తిండి చాలక ఖైదీల కాళ్లు వాచాయి. ఆయన ఇరవై మందిని రెండు గుంపులు చేసి, ఒకరికి ఈస్ట్, మరొకరికి సి విటమిన్ ఇచ్చారు. నాలుగో రోజుకి ఈస్ట్ తిన్నవారు తేరుకోసాగారు. ఆ లెక్క చూపాక జర్మన్లు ఖైదీలకు ఈస్ట్ తెప్పించారు. అయినా అది చిన్న, లోపాలున్న ప్రయోగమని తరువాత ఆయనే ఒప్పుకున్నారు.

యుద్ధం తరువాత వేల్స్‌లో బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బుపై పనిచేశారు. చీటీలు వేసినట్టు రోగులను గుంపులుగా విడదీసి పరీక్షించిన వైద్యాన్నే నమ్మాలని 1972లో పుస్తకం రాశారు. అలాంటి ప్రయోగాలన్నిటినీ శాఖలవారీగా సేకరించి, బేరీజు వేసి, ఎప్పటికప్పుడు సరిచూసే ఏర్పాటు వైద్యరంగంలో లేదని 1979లో విమర్శించారు. 1988 జూన్ 18న కన్నుమూశారు.

అన్నిటినీ అని ఎందుకనాలి? మన హాస్టల్ నోటీసు బోర్డు మీద ఫస్ట్ క్లాసు వచ్చినవారి పేర్లే రాస్తే, చూసినవారు ఇక్కడ అందరూ ఫస్ట్ క్లాసేననుకుంటారు. వైద్య పత్రికల్లోనూ గెలిచిన ప్రయోగాలే ఎక్కువగా అచ్చవుతాయి. వాటినే కూడితే మందు గొప్పదనిపిస్తుంది. గుండె లయ సరిచేసే లోర్కైనైడ్ అనే మందును 1980లో ఇంగ్లండ్‌లో పరీక్షించారు. మందు తీసుకున్నవారిలో 9 మంది, దాదాపు అంతేమంది ఉన్న ఉత్తుత్తి మందు గుంపులో ఒక్కరు చనిపోయారు. ఆ ఫలితం 1993 దాకా అచ్చుకాలేదు. ముందే తెలిసుంటే అలాంటి మందులపై వైద్యులకు హెచ్చరిక అయ్యేది.

అదే 1993లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన పేరిట సంస్థ ఏర్పడింది. ఫలితాలను కలిపేవారు అచ్చుకాని ప్రయోగాల కోసం కూడా వెతుకుతారు, పరిశోధకులకు ఉత్తరాలు రాస్తారు. గ్రాఫులో చిన్న ప్రయోగాలు ఒకవైపే గుమిగూడితే, రెండోవైపువి దాగి ఉన్నాయేమోనని అనుమానిస్తారు. ప్రయోగం మొదలుకాకముందే నమోదు చేయించే పద్ధతీ వచ్చింది. మన దేశంలో ఆ రిజిస్ట్రీ 2007లో మొదలైంది.

మనలో రేపు డాక్టర్లు, పరిశోధకులు అయ్యేవారు ఉన్నారు. అనుకున్నది రాని ఫలితాన్ని కూడా దాచకుండా అచ్చుకు పంపితే, ఆయనకు మనం ఇచ్చే గౌరవం అదే.