సంవర్గమాన స్రష్ట జాన్ నేపియర్

స్కాట్లండు దేశంలో, ఎడింబరో నగర సమీపాన ఉన్న మెర్కిస్టన్ కోటలో 1550వ సంవత్సరంలో జాన్ నేపియర్ జన్మించాడు. సంపన్నమైన భూస్వాముల కుటుంబం ఆయనది. పదమూడవ ఏట సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ సంవత్సరమే తల్లిని కోల్పోయాడు. పట్టా పుచ్చుకోకుండానే అక్కడి చదువు చాలించాడు. తొలినాళ్లలో ఆయన మనస్సు మత విషయాల మీద లగ్నమైంది. బైబిలులోని చివరి గ్రంథానికి ఆయన 1593లో వెలువరించిన వ్యాఖ్యానం పలు ఐరోపా భాషలలోకి అనువాదమైంది. నేడు దానిని తెరిచేవారు అరుదు. గణితం ఆయనకు వృత్తి కాదు. ఏ విద్యాపీఠంలోనూ ఆయన అధ్యాపకుడు కాడు. భూముల వ్యవహారాలూ, మత వివాదాలూ పోగా మిగిలిన కాలంలో సాగిన ఆ వ్యాసంగమే ఆయన కీర్తిని నిలిపింది.

ఆనాటి ఖగోళ శాస్త్రజ్ఞుల శ్రమను ఊహించడం నేడు కష్టం. ఒక గ్రహస్థానాన్ని నిర్ణయించాలంటే ఏడేసి అంకెల సంఖ్యలను పదే పదే గుణించాలి, భాగించాలి. నావికులదీ అదే అవస్థ. ఒక్క అంకె తప్పితే ఎన్నో దినాల కృషి వ్యర్థం. కూడిక సులభం, గుణకారం దుష్కరం. గుణకారాన్ని కూడికగా మార్చే ఉపాయం లేదా? నేపియర్‌ను ఇరవై ఏళ్లు వెంటాడిన ప్రశ్న ఇదే.

ఉపాయానికి బీజం అంతకు ముందే ఉంది. 2, 4, 8, 16, 32 అనే సంఖ్యల కింద 1, 2, 3, 4, 5 అని వాటి వరుసలను రాసుకొందాం. 8ని 32తో గుణించడానికి బదులు వాటి కింది 3, 5లను కూడితే 8 వస్తుంది. శ్రేణిలో ఎనిమిదవ సంఖ్య 256, లబ్ధం అదే. జర్మనీ పండితుడు స్టీఫెల్ 1544లోనే ఈ సంబంధాన్ని వివరించాడు. కాని 8కీ 16కీ నడుమ ఉన్న సంఖ్యల గతి ఏమిటి? నేపియర్ మెట్ల ఎత్తును తగ్గించాడు. కోటితో ఆరంభించి, ప్రతి మెట్టులోనూ ఉన్న సంఖ్యలో కోటవ వంతు మాత్రమే తగ్గిస్తూ దిగాడు. అంత సన్నని మెట్ల నడుమ ఏ సంఖ్యా జారిపోదు. సమవేగంతో సాగే బిందువొకటి, గమ్యానికి మిగిలిన దూరాన్ని బట్టి వేగం తగ్గే బిందువు మరొకటి ఊహించి, వాటి చలనాలతో ఈ భావానికి రూపమిచ్చాడు.

నేటి విద్యార్థి ముందుగా ఘాతాంకాలను నేర్చి, ఆ తరువాత సంవర్గమానాలను చేరుకొంటాడు. చరిత్ర నడిచిన దారి వేరు. నేపియర్ కాలానికి ఘాతాంకాలను రాసే నేటి పద్ధతి స్థిరపడనేలేదు. ఆ రెండింటి బంధాన్ని ఆయిలర్ స్పష్టం చేసింది పద్దెనిమిదవ శతాబ్దంలో.

1614లో నేపియర్ గ్రంథం లాటిన్ భాషలో వెలువడింది. అందులో వివరణ కొద్ది. తొంభై పుటలు పట్టికలే. నిష్పత్తి, సంఖ్య అనే అర్థాలిచ్చే రెండు గ్రీకు పదాలను కలిపి లాగరిథమ్ అనే పేరును ఆయనే కల్పించాడు.

లండనులోని గ్రెషామ్ కళాశాల ఆచార్యుడు హెన్రీ బ్రిగ్స్ ఆ గ్రంథాన్ని చదివి ముగ్ధుడయ్యాడు. 1615 వేసవిలో ఎడింబరోకు ప్రయాణమయ్యాడు. తొలి సమావేశంలో ఇద్దరూ మాట రాక పావుగంట సేపు ఒకరినొకరు చూస్తూ ఉండిపోయారని ప్రతీతి. బ్రిగ్స్ కేవలం ప్రశంసించడానికి రాలేదు. పట్టికను మార్చాలని కోరడానికి వచ్చాడు. నేపియర్ పద్ధతిలో కోటికి సంవర్గమానం సున్న. సాధారణ లెక్కలకు అది ఇబ్బందికరం. ఇరవై ఏళ్ల శ్రమఫలం అచ్చయి అప్పటికి ఏడాదే అయింది. అయినా నేపియర్ అభిమానానికి పోలేదు. ఆ మార్పు తనకూ తోచిందనీ, అనారోగ్యం వల్ల సాగలేదనీ తెలిపాడు. ఒకటికి సున్న, పదికి ఒకటి ఉండాలని ఇద్దరూ నిశ్చయించారు. కొత్త పట్టికల భారం బ్రిగ్స్ వహించాడు.

1617 ఏప్రిల్ 4న నేపియర్ కన్నుమూశాడు. సంవర్గమానాలను నిర్మించిన విధానాన్ని వివరించే ఆయన గ్రంథాన్ని కుమారుడు రాబర్ట్ 1619లో ప్రకటించాడు. బ్రిగ్స్ 1624లో పద్నాలుగు దశాంశ స్థానాల పట్టికలు ముద్రించాడు. అందులో 20,000కూ 90,000కూ నడుమ ఖాళీ మిగిలింది. హాలండు దేశస్థుడు వ్లాక్ 1628లో దానిని పూరించాడు. గ్రహగతుల లెక్కలతో అలసిన కెప్లర్ 1620వ సంవత్సరపు తన పంచాంగాన్ని నేపియర్‌కే అంకితమిచ్చాడు. ఆయన మరణించి రెండేళ్లు దాటిందని కెప్లర్‌కు అప్పటికి తెలియదు.