శుక్రవారం సాయంత్రం వీణ ధనమ్మాళ్ ఇంట్లో

మా చిన్నప్పుడు ఆడపిల్లకి సంగీతం చెప్పించడమంటే పెళ్ళిచూపుల దాకానే. వచ్చినవాళ్ళ ముందు ఓ కీర్తన వాయిస్తే చాలు, ఆ తర్వాత వీణ గుడ్డ ముసుగేసుకుని అటకెక్కేది. నేనూ అలాగే నేర్చుకున్నాను. మాస్టారు త్యాగరాజస్వామి కృతులు చెప్పారు, దీక్షితులవారివి రెండో మూడో చెప్పారు. క్షేత్రయ్య పదం ఒక్కటి చెప్పండి మాస్టారూ అని అడిగితే మాత్రం మొహం చిట్లించుకుని మాట దాటేశారు. పెళ్ళికాని పిల్లకి అవెందుకని ఆయన ఉద్దేశం. పెళ్ళయ్యాక అడుగుదామంటే, అప్పటికి వీణ పుట్టింట్లో ఉండిపోయింది, నేను అత్తారింట్లో ఉన్నాను!

చాలా ఏళ్ళకి ఓ బంధువుల ఇంట్లో పాత రికార్డింగు ఒకటి విన్నాను. గ్రామఫోను రికార్డు నుంచి ఎక్కించింది. ఒకటే గరగర. ఆ గరగర వెనకాల ఎక్కడో వీణ. వేగం లేదు, ఆర్భాటం లేదు. ఎవరో గొంతు తగ్గించి మనింటి మనిషితో చెప్పుకుంటున్నట్టుంది. ఎవరిదని అడిగితే వీణ ధనమ్మాళ్‌దని చెప్పారు. ఆవిడ పేరు వినడం అదే మొదటిసారి కాదుగానీ, ఆవిడ దాచిపెట్టిన సొత్తులో చాలా భాగం మన తెలుగుదేనని నాకు తెలిసింది మాత్రం ఆ తర్వాతే.

ధనమ్మాళ్ 1867లో పుట్టింది. వాళ్ళది తంజావూరు నుంచి మద్రాసు వచ్చి స్థిరపడిన కళాకారిణుల కుటుంబం. అమ్మమ్మ కామాక్షి తంజావూరు ఆస్థానంలో నాట్యం చేసింది. తల్లి సుందరమ్మాళ్ గాయని. శ్యామశాస్త్రివారి కృతులు ఆ కుటుంబానికి శాస్త్రిగారి వంశం వాళ్ళ దగ్గర్నుంచే వచ్చాయి. దేవదాసీలని లోకం ఓ పక్క నెత్తిన పెట్టుకుంటూ, మరో పక్క వేలెత్తి చూపిస్తూ ఉండే కులం వాళ్ళది. ఆ ఇళ్ళల్లో ఆడపిల్ల పుట్టిందంటే చదువు, పాట, సంపాదన అన్నీ ఆ పిల్లవే. ఇంటిపేరు, పరంపర తల్లి వైపు నుంచే సాగేవి. మన ఇళ్ళల్లో ఆడపిల్లకి అక్షరాలు రావడమే గగనమైన రోజుల్లో వాళ్ళకి సంస్కృతం, తెలుగు, తాళం, రాగం అన్నీ వచ్చేవి. దానికి వాళ్ళు కట్టిన మూల్యమూ తక్కువేం కాదు. ఆ రెండో సంగతి మర్చిపోయి ఆ రోజులెంత గొప్పవో అని నేను మురిసిపోదలచుకోలేదు.

ఆవిడ గురువుల్లో నా మనసుకి పట్టినవాడు వాలాజాపేట బాలకృష్ణదాసు. బాలదాసు నాయుడని కూడా అనేవారు. చూపు లేని మనిషి. క్షేత్రయ్య పదాలంటే ఆయన నోటే వినాలని పేరు. కళ్ళు లేని గురువు దగ్గర చదువెలా ఉంటుందో ఊహించండి. పుస్తకం లేదు, చెయ్యి చూపించడం లేదు. ఆయన పాడాలి, ఈవిడ వినాలి, మళ్ళీ పాడి వినిపించాలి. ఎక్కడ గొంతు ఎంత వంగిందో చెవితోనే పట్టుకోవాలి. సాత్తనూరు పంజు అయ్యర్ దగ్గర ఆవిడ దీక్షితుల కృతులు నేర్చుకుంది. త్యాగరాజస్వామి శిష్యుడైన వీణ కుప్పయ్యర్ కొడుకు తిరువొత్తియూరు త్యాగయ్యర్ దగ్గర కూడా నేర్చుకుంది. అయినా ఆవిడ వీణకి ఆ మాట్లాడే గుణం అబ్బింది పదాల వల్లేనని నా నమ్మకం.

పదమంటే ఏమిటో ఒక్కమాట చెప్పాలి. క్షేత్రయ్యది కృష్ణాజిల్లా మొవ్వ. పదిహేడో శతాబ్దంవాడు. మువ్వగోపాలుడి పేరు మీద వేలకొద్దీ పదాలు చెప్పాడంటారు. మనకి మిగిలినవి వందల్లోనే. వాటిల్లో మాట్లాడేది చాలావరకు ఆడదే. చెలికత్తెతోనో, అతనితోనో, ఒక్కోసారి తనతో తనో మాట్లాడుకుంటుంది. ఒకావిడ అలుగుతుంది. ఒకావిడ అతను ఇంకొకరింటికి వెళ్ళొచ్చాడని తెలిసి లోపలికి రానివ్వదు. ఒకావిడకి డబ్బు లెక్క కూడా తెలుసు, మొహమాటం లేకుండా అడుగుతుంది. మాటలన్నీ ఇంట్లో ఆడవాళ్ళు మాట్లాడుకునే తెలుగు. నడక మహా నెమ్మది. చాలా పదాలు ఏడక్షరాల త్రిపుట తాళంలో ఉంటాయి. ఇంకో చిత్రం, పదం పాడేటప్పుడు పల్లవితో కాకుండా అనుపల్లవితో ఎత్తుకోవడం సంప్రదాయం. అంటే సంగతి మధ్యలోంచి మొదలవుతుందన్నమాట. వీధి అరుగు మీద ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటుంటే మనం మధ్యలో వెళ్ళి కూర్చున్నట్టు!

ఈ నెమ్మదినే ఆవిడ వీణ మీదికి తెచ్చుకుంది. అదేమంత తేలిక కాదు. పనసచెక్కతో చేసిన కుండ, దండి, దాని మీద మైనంలో పొదిగిన ఇరవై నాలుగు మెట్లు, వాయించే తీగెలు నాలుగు, తాళానికి మూడు. ఇదీ వీణ. గొంతులా ఊపిరి బిగబట్టి స్వరాన్ని నిలుపుదామంటే కుదరదు. మీటిన మరుక్షణం నుంచీ నాదం సన్నబడిపోతూనే ఉంటుంది. అందుకే చాలామంది మళ్ళీ మళ్ళీ మీటుతూ వేగంగా వెళ్ళిపోతారు. (నేనూ అంతే. తప్పు దొరక్కుండా ఉండడానికి అదో ఉపాయం కూడా.) ధనమ్మాళ్ తక్కువ మీటేది. ఒక్కసారి మీటి, ఆ నాదం ఆరిపోయేలోగా తీగెని మెట్టు మీద పక్కకి లాగి, పై స్వరాల్ని ఆ ఒక్క మీటులోంచే పిండేది. వేళ్ళకి లోహపు చుట్లు పెట్టుకోకుండా ఉత్త వేళ్ళతో మీటేదంటారు. చప్పుడు ఇంకా తగ్గుతుంది, నాదం ఇంకా మెత్తబడుతుంది. వాయిస్తూ తనూ సన్నగా పాడుకునేది. వీణ ఎక్కడ ఆగిందో గొంతు ఎక్కడ అందుకుందో తెలిసేది కాదని విన్నవాళ్ళు చెప్పుకునేవారు. గంటలకొద్దీ ఆలాపనలు, స్వరాల లెక్కలు ఆవిడకి పట్టవు. రాగాన్ని నాలుగు గీతల్లో చూపించి పాటలోకి దిగిపోయేది. ముగ్గు వేసే చెయ్యి తిరిగినావిడకి చుక్కలెక్కువ అక్కర్లేదు చూడండి, అలాగ.

ఇంత మెత్తని సంగీతం హాల్లో ఎవరికి వినబడుతుంది? ఆవిడ బయట అసలు వాయించలేదని కాదుగానీ, ఆవిడ పేరు చెబితే మద్రాసులో రసికులకి గుర్తొచ్చేది జార్జిటౌన్‌లో ఆవిడ ఇల్లు, శుక్రవారం సాయంత్రం. పొద్దు వాలాక మొదలు. పక్కన మృదంగం, వయొలిన్ వగైరా హంగులేం లేవు. వచ్చినవాళ్ళు కింద కూర్చుని ఊపిరి బిగబట్టి వినాల్సిందే. గుసగుసలాడితే ఆవిడకి చిరాకు. పేరు మోసిన విద్వాంసులు కూడా అక్కడ విద్యార్థుల్లా ఒదిగి కూర్చునేవారట. ఒక ఆడది, అందులోనూ లోకం చులకనగా చూసే కులం నుంచి వచ్చినావిడ, తన ఇంట్లో తన షరతుల మీద పెద్ద పెద్దవాళ్ళని నోరు మూసుకుని కూర్చోబెట్టింది. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు భలే హుషారుగా ఉంటుంది.

అయితే షరతులకి ఖర్చుంటుంది. నలుగురు కూతుళ్ళు రాజలక్ష్మి, లక్ష్మీరత్నం, జయమ్మాళ్, కామాక్షి. వాళ్ళ పిల్లలు. ఇంటినిండా జనం. డబ్బు నిలిచే ఇల్లు కాదది. సభల్లో కచేరీలకి గిరాకీ పెరుగుతున్న రోజులే అవి. మరికాస్త గట్టిగా, మరికాస్త వేగంగా, జనం మెచ్చేలా వాయించి ఉంటే నాలుగు డబ్బులు వచ్చేవేమో. ఆవిడ మారలేదు. ఇబ్బందుల రోజుల్లో అండగా నిలిచినవాళ్ళలో ధర్మపురి సుబ్బరాయర్ ఒకడు. తమిళదేశంలో సర్కారు ఉద్యోగం చేసుకుంటూ తెలుగులో జావళీలు రాసిన మనిషి. ఆవిడ డబ్బుకి కటకటలాడుతున్న సమయంలో ఆయన పరజు రాగంలో ఓ జావళి కట్టాడని ఒక కథ చెబుతారు. ఆ కథ ఎంతవరకు నిజమో గానీ, ఆయన జావళీలు చాలావరకు లోకానికి అందింది ధనమ్మాళ్ ఇంటి ద్వారానే. పదం నిట్టూర్పైతే జావళి కంటికొసల నవ్వు. రెండూ ఆవిడ వీణ మీద ఇమిడాయి.

వయసు మీద పడ్డాక ఆవిడకి చూపు పోయింది. గురువు బాలదాసు చీకట్లో నేర్పిన విద్యని ఆఖరికి ఆవిడా చీకట్లోనే వాయించుకుంది. వీణకి కళ్ళతో పనేముంది అనుకుంటాం గానీ, మెట్టు మీద వెంట్రుకవాసి అటు ఇటయితే అపశ్రుతి వస్తుంది. శుక్రవారాలు మాత్రం మానలేదు. 1930ల్లో రికార్డు కంపెనీ వాళ్ళు ఆవిడ చేత వాయింపించారు. అప్పటికి అరవై దాటాయి. రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మరికాసేపు. తీరిగ్గా సాగాల్సిన పదాన్ని మూడు నిమిషాల్లో కుదించమంటే ఇంకొకరైతే తొందరపడేవారు. ఆవిడ తొందరపడలేదు. నేను బంధువుల ఇంట్లో విన్నది ఆ రికార్డుల్లో ఒకటే. 1938 అక్టోబరులో ఆవిడ కన్నుమూసింది.

తర్వాతి కథ మనవరాళ్ళది. కామాక్షి కూతుళ్ళు బృంద, ముక్త అమ్మమ్మ ఇంటి పదాల్ని, జావళీల్ని గొంతులో నిలుపుకున్నారు. పేరున్న గాయకులు ఎంతోమంది పదాలు నేర్చుకోవడానికి బృందమ్మ దగ్గరికి వెళ్ళేవారు. 1976లో ఆమెకి సంగీత కళానిధి వచ్చింది. జయమ్మాళ్ కూతురు బాలసరస్వతి. ఏడేళ్ళప్పుడు, 1925లో, కాంచీపురంలో మొదటిసారి నాట్యం చేసి, ఆ పదాలకే అభినయం పట్టి, దేశదేశాలూ తిరిగి 1984లో కన్నుమూసింది. వీళ్ళ మాతృభాష తమిళం. నోట్లో ఆడింది మాత్రం మొవ్వ గ్రామపు తెలుగు.

మరి మనం? గోదావరి జిల్లాల్లో కలావంతుల ఇళ్ళల్లో కూడా ఈ పదాలు ఉండేవి. సంస్కరణ ఉద్యమాలు వచ్చాయి, 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ చట్టం వచ్చింది. పిల్లల్ని గుడికి అంకితమిచ్చే పద్ధతి పోవాల్సిందే, పోయింది, మంచిదైంది. ఆ ఊపులో పాటల్ని కూడా అసహ్యించుకున్నాం. పాడినావిడ బతుకు మంచిది కాదంటే పాట కూడా మంచిది కాదనుకున్నాం. మా మాస్టారిని అనడానికేం లేదు, ఆయన నలుగురూ నడిచిన దారినే నడిచారు. కానీ ఆ ఇళ్ళల్లోని ముసలమ్మలు తమకొచ్చిన పదాలు మనవరాళ్ళకి చెప్పడానికి కూడా సిగ్గుపడి నోరు నొక్కేసుకున్నారంటే మాత్రం నాకు కడుపు తరుక్కుపోతుంది. ధనమ్మాళ్ ఇంట్లో ఎవరూ సిగ్గుపడలేదు. తేడా అంతా అక్కడే వచ్చిందేమో. 2010లో తపాలా శాఖ వేసిన బిళ్ళ మీద ధనమ్మాళ్ బొమ్మ చూసినప్పుడు, ఇందులో మొవ్వ వాటా ఎంతో అని నాలో నేనే లెక్కేసుకున్నాను.

ఆమధ్య పుట్టింటి వీణ తెప్పించుకున్నాను. బుర్రకి బీట పడితే అతికించారు, మైనం కరగబెట్టి మెట్లు మళ్ళీ పొదిగారు, తీగెలు కొత్తవి వేశారు. మా వీధిలోనే ఉండే ఒకావిడ దగ్గర ముఖారిలో ఓ పదం మొదలుపెట్టాను. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, అయినా నేను ఆవిణ్ణి మీరనే పిలుస్తాను, గురువు గురువే కదా. ఆవిడ నాకు పెట్టిన మొదటి ఆంక్ష, తక్కువ మీటమని. చెయ్యి వినడం లేదు, నాదం సన్నబడగానే కంగారుపడి మళ్ళీ మీటేస్తున్నాను. మూడు నెలలయింది, అనుపల్లవి అయింది. పదం అనుపల్లవితోనే కదా ఎత్తుకునేది, అంచేత నేనింకా మొదట్లోనే ఉన్నానన్నమాట.