ఫ్రెడరిక్ రైఫైజెన్ : గ్రామ పరపతి సంఘముల స్థాపకుడు

పంట యింటికి రాకముందే సేద్యగానికి విత్తులు కావలెను, ఎడ్లు కావలెను, పన్ను చెల్లింపవలెను. చేత రొక్కము లేనివాడు వడ్డీవర్తకుని గడప తొక్కక తప్పదు. ఒకసారి తొక్కినవాడు ఋణవిముక్తుడై తిరిగివచ్చుట మిక్కిలి యరుదు. ఈ కష్టమునకు మందు గ్రామస్థుల చేతులలోనే కలదని కనుగొని లోకమునకు జూపిన పుణ్యపురుషుడు, జర్మనీదేశస్థుడగు ఫ్రెడరిక్ విల్హెల్మ్ రైఫైజెన్. ఆయన చరిత్రమును మన విద్యార్థుల కొరకును, వారి తలిదండ్రుల కొరకును ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

రైఫైజెన్ 1818 వ సంవత్సరము మార్చి 30 వ తేదీని జీగ్ నదీతీరమందలి హామ్ అను చిన్న గ్రామమున జన్మించెను. తొమ్మండుగురు బిడ్డలలో ఆయన యేడవవాడు. తండ్రి వ్యాధిగ్రస్తుడగుటచే సంసారభారమంతయు తల్లిపై బడెను. పెద్ద పాఠశాలకు పంపుటకు ధనము లేకపోగా, ఆ యూరి పాదిరిగారే బాలునికి విద్య గఱపిరి. పదునేడేండ్ల ప్రాయమున ఆయన సైన్యమున ఫిరంగి దళమునందు జేరెను. కాని నేత్రవ్యాధి సంభవించినందున 1843 లో ఆ యుద్యోగమును విడువవలసివచ్చెను. ఆ వ్యాధి జీవితాంతమువఱకు ఆయనను వీడలేదు.

1845 లో ఆయన వయ్యర్‌బుష్ ప్రాంతమునకు మేయరుగా నియమింపబడెను. ఆ పదవి యనేకములైన బీదపల్లెలపై పెత్తనము. మరుసటి సంవత్సరమే పంటలు చెడి కఱవు సంభవించెను. ధాన్యపు ధరలు మిన్నుముట్టెను. ప్రభుత్వమువారు పిండిని పంపిరి గాని, దానిని రొక్కమునకు మాత్రమే యమ్మవలెనని యాజ్ఞాపించిరి. ఆకలిగొన్నవానియొద్ద రొక్కమెక్కడిది? రైఫైజెన్ ఆ యాజ్ఞను ప్రక్కకు బెట్టి, బీదలకు అప్పుగా నిచ్చెను. పిమ్మట కలవారిని కూడగట్టి, వారిచేత ధనము వేయించి, ధాన్యము కొనిపించి, ఊరుమ్మడిగా రొట్టెలు కాల్చు పొయ్యిని కట్టించెను. అచ్చటి రొట్టె బజారు ధరకంటె చాల చౌకగా లభించెను. పాఠశాల నిర్మించుటయందును, పల్లెపంటలు రైన్ నదిదాక జేరుటకు బాటలు వేయించుటయందును ఆయన యిదే విధముగ పాటుపడెను.

1848 లో ఆయన ఫ్లామర్స్‌ఫెల్డ్ అను చోటికి మార్చబడెను. అచ్చటి రైతుల దుఃఖము పశువుల వర్తకులవలన గలిగినది. అప్పుపై ఆవును కొన్న రైతు వాయిదా తప్పినచో, ఆవు పోవును, కొంత భూమియు పోవును. 1849 లో రైఫైజెన్ సుమారు 60 మంది సంపన్నులను జేర్చి యొక సహాయసంఘమును నెలకొల్పెను. వారందఱు కలిసి పూచీపడి ధనము తెచ్చి, పశువులను కొని, అయిదేండ్ల వాయిదాలపై రైతులకిచ్చుచుండిరి. 1854 లో హెడ్డెస్‌డార్ఫ్‌లో స్థాపించిన సంఘము అనాథబాలుర పోషణము, చెఱ విడిచి వచ్చినవారికి పని చూపుట మున్నగు ధర్మకార్యములను గూడ చేపట్టెను.

ఇంతవఱకు నంతయు దాతల దయపై నడచినది. కాని దాతల యుత్సాహము నానాట సన్నగిల్లెను. ఇచ్చువారు విసుగు చెందిరి. పుచ్చుకొనువారికి ఆ సంఘము తమదను మమత కలుగలేదు. రైఫైజెన్ తాను పదునేండ్లు నమ్మి నడచిన మార్గమును పునరాలోచించెను. ఇది సులభమైన పని కాదు. అవసరము గలవారే సంఘసభ్యులై, ఒకరికొకరు పూచీపడినగాని కార్యము నిలువదని నిశ్చయించి, 1864 లో హెడ్డెస్‌డార్ఫ్ సంఘమును ఆ రీతిగా మార్చి, ఋణసంఘముగా నేర్పఱచెను.

దాని నిబంధనలు సులభములు. ఒక చిన్న గ్రామమునకో, ఒక చర్చి పరిధిలోని పల్లెలకో ఒక సంఘము. ఏలన, అచ్చట ఎవడు కష్టజీవియో, ఎవడు దుబారాకోరో అందఱికిని తెలియును. సభ్యులందఱు సంఘపు టప్పులకు అపరిమితముగా బాధ్యులు. ఒంటరి రైతు మాటను పట్టణపు షాహుకారు నమ్మకపోవచ్చును. నలువదిమంది తమ సర్వస్వముతో పూచీపడినచో నమ్మకమానడు. ఋణము సేద్యమువంటి ఫలప్రదమైన పనికే యీయబడును. లెక్కలు వ్రాయువాడు తప్ప తక్కిన పెద్దలు జీతము లేకయే పనిచేయుదురు. లాభము పంచుకొనక, ఉమ్మడి నిధిగా నిలువచేయుదురు. పొరుగువాని యప్పునకు తానును బాధ్యుడగుటచే, ప్రతివాడును పొరుగువాని బాగును గోరును.

ఈ నాళ్లలోనే ఆయనకు గొప్ప కష్టములు వచ్చెను. 1863 లో భార్య మరణించెను. ఆరోగ్యము చెడి 1865 లో ఉద్యోగము మానుకొనెను. చూపు మందగింపగా, కుమార్తె అమాలియా ఆయనకు కన్నులై చదువుచు, ఆయన చెప్పినది వ్రాయుచుండెను. ఋణసంఘములను గూర్చి ఆయన రచించిన గ్రంథము 1866 లో వెలువడి దేశమెల్ల వ్యాపించెను. 1888 మార్చి 11 వ తేదీని ఆయన పరమపదించునాటికి ఇట్టి సంఘములు 400 కు పైగా నుండెను.

ఆయన కీర్తి మన దేశమునకును వచ్చినది. నాడు సర్కారు జిల్లాలును, రాయలసీమయు చేరియున్న మద్రాసు రాజధాని ప్రభుత్వమువారు, రైతులకు బ్యాంకుల నేర్పఱచు మార్గమును విచారించుటకు 1892 లో ఫ్రెడరిక్ నికల్సన్‌గారిని నియమించిరి. 1895, 1897 సంవత్సరములలో ప్రకటించిన నివేదికలలో ఆయన రైఫైజెన్ పద్ధతియే మన పల్లెలకు తగినదని నిర్ణయించెను. పిమ్మట 1904 లో సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది. గ్రామసంఘములలో అపరిమిత బాధ్యతయే సామాన్యనియమముగా అందు విధింపబడినది.

రైఫైజెన్ ధనవంతుడు కాడు, పండితుడు కాడు, కన్నులైన చక్కగా కానరానివాడు. ఐనను, దానము చేయుటకంటె పొరుగువానితో కలిసి పూచీపడుట కష్టతరమనియు, అది యెక్కువకాలము నిలుచుననియు ఆయన తన పనిచేతనే నిరూపించెను. మన బాలబాలికలు పెద్దవారై తమ తమ గ్రామములకు పోయినపుడు, ఊరివారికి ఏమి యీయగలమని మాత్రమే గాక, ఊరివారితో గూడి దేనికి బాధ్యత వహింపగలమని గూడ ఆలోచింతురుగాక యని కోరుచున్నాము.