తెరవెనుక గళము

హైదరాబాదునకు ఉత్తరమున సుచిత్ర కూడలి కలదు. మేడ్చల్ వైపు సాగు ఆ రహదారిపై అంతిమయాత్ర వాహనము పోవునపుడు అందుండి భగవద్గీత వినబడుట కద్దు. బడికి పోవు పిల్లలు కూడ ఆ గొంతును గుర్తింతురు. ఆ గాయకుడు గతించి ఏబది యేండ్లు దాటినది.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణా జిల్లా గుడివాడకు చేరువనున్న చౌటపల్లిలో జన్మించిరి. తండ్రి సూరయ్యగారు తరంగములు పాడుచు మృదంగము వాయించెడివారు. కుమారుని బాల్యముననే ఆయన గతించిరి. సంగీతము నేర్వవలెనను పట్టుదలతో వేంకటేశ్వరరావుగారు ఇల్లు విడిచి విజయనగరము చేరిరి. జోలె పట్టి, మధుకరముతో కడుపు నింపుకొనుచు నేర్చిన విద్య అది. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ శిష్యుని చేరదీసి ఉచితముగా చెప్పిరి. అట్టి గురువులను గూర్చి మన పాఠ్యపుస్తకములు ఇంకను చెప్పవలసి యున్నది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమమున పాల్గొని ఘంటసాలవారు కారాగారవాసము కూడ అనుభవించిరి.

పిమ్మట సముద్రాల రాఘవాచార్యులవారి ప్రోత్సాహమున మద్రాసు చేరి, 1945 నాటి ‘స్వర్గసీమ’లో పాడిరి. అంతకు ముందు తెరపై నటుడే పాడుకొనుట వాడుక, నాగయ్యగారు అట్టివారు. నేపథ్యగానము ఆ బంధమును తెంపినది. దేహము ఒకరిది, గళము వేరొకరిది. ఈ మాయ యెంత దూరము పోగలదో తెలియవలెనన్న 1957 నాటి ‘మాయాబజార్’ చూడవలెను. అందలి నౌకావిహార గీతమున అభిమన్యునిగా అక్కినేని వారికిని, కృష్ణునిగా రామారావుగారికిని పలికినది ఒకే ఘంటసాల గళము. అయినను ఘటోత్కచుని విందుపాట మాత్రము, ఆ చిత్రమునకు సంగీతదర్శకులైన వీరే, మాధవపెద్ది సత్యంగారిచే పాడించిరి. తన గొంతు ఏ దేహమునకు ఒప్పునో, దేనికి ఒప్పదో ఎరిగిన విద్వాంసుడాయన.

ఆ ఎరుక లేకయే పాడు గాయకులు నేడు పుట్టుచున్నారు. 2007లో జపానుదేశపు సప్పోరో నగరమున ఒక సంస్థ హత్సునే మికు అను గాయనిని వెలువరించెను. ఆమె రూపము కేవలము ఒక చిత్రము. ఫుజితా సాకి అను నటీమణి ముందుగా పలికి యిచ్చిన ధ్వనులను కంప్యూటరు కూర్చి, ఎవరు వ్రాసిన పాటనైనను ఆ గొంతున పాడును. కాని అచ్చట గొంతు నిచ్చిన స్త్రీ సమ్మతించియే యిచ్చినది. ఇపుడు వచ్చిన కృత్రిమ మేధకు అంతపాటి శ్రమ యక్కరలేదు. పాత రికార్డులు విని, అందలి నాదపు పోలికను పట్టి, మరణించినవారిచే క్రొత్త మాటలు పలికింపగలదు. 2023లో విడుదలైన ఒక తెలుగు చిత్రమున ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి గళమును ఇట్లు వాడిరని వారి కుమారుడు మరు సంవత్సరము న్యాయవాది ద్వారా తాఖీదు పంపిరి. ఆ 2024లోనే రహమాన్‌గారు ‘లాల్ సలామ్’ చిత్రమునకై దివంగతులైన ఇరువురు గాయకుల గొంతులను యంత్రముచే పలికించిరి. కాని ఆ కుటుంబముల అనుమతి పొంది, పారితోషికము చెల్లించిన పిదపనే. యంత్రము రెండుచోట్లను ఒకటియే. తేడా యెచ్చటనో విద్యార్థులు యోచింతురు గాక.

రేపు ఎవరైనను ఘంటసాలవారి గొంతుతో ఘటోత్కచుని పాట పాడించవచ్చును. అది వినుటకు ఇంపుగనే యుండవచ్చును. వలదనుటకు మాత్రము వారు లేరు.

1970లో పద్మశ్రీ బిరుదు లభించునాటికే వారి ఆరోగ్యము క్షీణింపసాగినది. 1974 ఫిబ్రవరి 11వ తేదీన, ఏబదియొక్క యేండ్ల ప్రాయమున, మద్రాసులో కన్నుమూసిరి. భగవద్గీత రికార్డు వారి మరణానంతరమే వెలువడినది. సుచిత్ర దారిలో వినబడునది ఆ గానమే. అందలి శ్లోకములను, వాని తెలుగు తాత్పర్యములను, వ్యాధితో నున్న ఆయన తానై పలికిరి.